చెరువు కాపలా పాకకు సోలార్ బ్యాటరీ: లెక్కతో కొనుట, జాగ్రత్తతో వాడుట

మాఘమాసపు రాత్రి గార్ల మండలములో గాని, పొరుగున ఉన్న బయ్యారము, డోర్నకల్ మండలములలో గాని చెరువుకట్ట వెంట నడచి చూడండి. కట్టమీద ఒక చిన్న పాక, పైన తాటాకు లేక టార్పాలిను, లోపల ఒక మంచము, ఒక కర్ర, ఒక టార్చిలైటు కనిపించును. మత్స్య సహకార సంఘము తరఫున ఇద్దరు సభ్యులు వంతులవారీగా అక్కడ రాత్రి గడుపుదురు. ఆగస్టు, సెప్టెంబరు నెలలలో అలుగు పారిన తరువాత వదలిన బొచ్చె, రవ్వ, బంగారుతీగ పిల్లలు ఫిబ్రవరి వచ్చుసరికి అమ్మకమునకు దగ్గరపడును. ఈ ఆఖరి మూడు నాలుగు నెలలలోనే దొంగవల పడుట, నీటిలో విషము కలుపుట వంటి అపాయములు ఎక్కువ. ఒక్క రాత్రి ఏమరుపాటు వలన సంఘమువారి సంవత్సరపు ఆశ నీరు కారిపోవచ్చును.

2016-17లో రాష్ట్రములో ఉచితముగా చేపపిల్లల పంపిణీ మొదలైన తరువాత చెరువు కాపలాకు పూర్వముకన్న విలువ పెరిగినది. కాకతీయ గణపతిదేవుని సోదరి మైలమ వేయించిన శాసనము గల బయ్యారము పెద్ద చెరువు మొదలు చిన్న కుంటల వరకు, చేప ఉన్న ప్రతి నీటికి కాపలా కావలెను. కాపలాకు వెలుగు కావలెను. ఆ వెలుగును సోలార్ పలకతో, బ్యాటరీతో ఎట్లు సంపాదించుకొనవలెనో, సంపాదించిన దానిని ఎట్లు నిలుపుకొనవలెనో ఈ వ్యాసములో వివరించుచున్నాము.

పాకలో వెలుగు ఎందుకు?

దొంగను బెదరించుట ఒక్కటే వెలుగు పని కాదు. మూడు ఇతర ప్రయోజనములు కలవు. మొదటిది, కట్టమీద గడ్డిలో, రాళ్ళ సందులలో పాములు తిరుగును. చీకటిలో కాలు వేయుటకన్న ప్రమాదము వేరొకటి లేదు. రెండవది, నీటిలో కరిగి ఉండు ప్రాణవాయువు తెల్లవారుజామున అతి తక్కువగా ఉండును. పగలంతా నాచు, నీటిమొక్కలు ఎండ సాయముతో ప్రాణవాయువును ఇచ్చును. రాత్రి అవి కూడ దానినే పీల్చుకొనును. ముసురు పట్టిన దినముల తరువాత, ఎండకు నీరు తగ్గిన వేసవిలో, తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోరు తెరచి గాలికై తపించుట మీరు చూచియుందురు. ఆ సంగతి నాలుగు గంటలకే కంటబడినచో తోటివారిని పిలిచి, కొత్త నీరు వదలుటకో, చేపను పట్టివేయుటకో వ్యవధి ఉండును. ఆరు గంటలకు తెలిసినచో తేలిన చేపను ఏరుకొనుటయే మిగులును. మూడవది సెల్‌ఫోను. దొంగ వచ్చినను, పాము కరచినను, అలుగు పొంగినను ఊరికి కబురు అందించునది అదియే. అది చార్జి లేక మూగబోయినచో కాపలా మనిషి ఒంటరి వాడగును.

కొండి తీగ వద్దు

కొందరు దగ్గరలోని వ్యవసాయపు లైనుకు కొండి వేసి, కర్రలమీదుగా తీగ లాగి పాకలో దీపము వెలిగించుచున్నారు. ఇది నేరము మాత్రమే కాదు, ప్రాణాంతకము. చెరువుకట్ట ఎల్లప్పుడు తడి నేల. తడి కాళ్ళతో, తడి వలతో పని చేయువారికి 230 వోల్టుల తీగ తగిలినచో తప్పించుకొనుట కష్టము. 12 వోల్టుల బ్యాటరీ వలన అట్టి షాకు భయము లేదు. అయితే దాని తీగలు రెండు ఒకదానికొకటి తాకినచో నిప్పురవ్వలు లేచి పాక అంటుకొనవచ్చును. కావున దానికి వేరు జాగ్రత్త కలదు. అది ముందు చెప్పుదుము.

బ్యాటరీ ఒక గాదె

ఎండను విద్యుత్తుగా మార్చు సిలికాన్ పలకను 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలవారు మొదట ప్రదర్శించిరి. నేడు అది పల్లెపల్లెకు వచ్చినది. పలకలో కదులు భాగములు లేవు. మంచి పలక 25 సంవత్సరములు పని చేయును. త్వరగా చెడునది బ్యాటరీ. ఒక ఏడాదికే బ్యాటరీ చచ్చినదని, సోలార్ పనికిరాదని చెప్పువారు చాలమంది ఉన్నారు. నిజమునకు బ్యాటరీ ఎక్కువగా చచ్చునది వయసు వలన కాదు, ఆకలి వలన. అనగా రోజూ తీసినంత తిరిగి నింపకపోవుట వలన.

దీనిని గాదెతో పోల్చి చూడండి. గాదెలో గింజ ఉన్నది. అందులో సగము ఇంటి వాడకమునకు, సగము విత్తనమునకు అనుకొందము. విత్తనపు గింజకు చేయి పెట్టిన రైతు మరుసటి ఏడు ఏమి చల్లును? సీసపు బ్యాటరీ కూడ ఇట్టిదే. దాని నిండు శక్తిలో సగము మాత్రమే మనది. మిగిలిన సగము బ్యాటరీ తన ప్రాణమును నిలుపుకొనుటకు ఉంచుకొను విత్తనము.

కారణము ఇది. బ్యాటరీలో సీసపు పలకలు, గంధకామ్లము ఉండును. శక్తిని తీసినప్పుడు పలకలమీద సీసపు గంధకితము అను తెల్లని ఉప్పు ఏర్పడును. వెంటనే చార్జి చేసినచో అది కరిగి మరల ఆమ్లములో కలియును. రోజులతరబడి అట్లే వదలినచో గట్టిపడి, స్ఫటికములై, ఎంత చార్జి చేసినను కరగదు. ఉప్పు గట్టిపడిన మేరకు బ్యాటరీ చచ్చినట్లే. పాడియావు పాలు తగ్గినట్లు, మొదట ఆరు గంటలు వెలిగిన దీపము నాలుగు గంటలకు, తరువాత రెండు గంటలకు తగ్గిపోవును.

ముందు ఖర్చు వ్రాయండి

బజారుకు పోకముందే కాగితము తీసికొని రాత్రి ఖర్చు వ్రాయవలెను. ప్రతి వస్తువుమీద ఎన్ని వాట్లో ముద్రించి ఉండును. వాట్లను గంటలతో గుణించినచో వాటు-గంటలు వచ్చును. ఇంటి కరెంటు బిల్లులోని ఒక యూనిట్ అనగా 1000 వాటు-గంటలు. పాక ఖర్చు అందులో పదవవంతు మాత్రమే. ఒక సాధారణ పాక లెక్క ఇట్లుండును:

పాక లోపల 5 వాట్ల ఎల్.ఇ.డి. దీపము, 6 గంటలు: 30 వాటు-గంటలు.
నీటివైపు వేయు 10 వాట్ల దీపము, అప్పుడప్పుడు వేసి ఆర్పగా మొత్తము 3 గంటలు: 30 వాటు-గంటలు.
రెండు సెల్‌ఫోనుల చార్జి, నష్టముతో సహా: 45 వాటు-గంటలు.
మొత్తము: 105 వాటు-గంటలు.

దోమల బాధకు 12 వాట్ల చిన్న ఫ్యాను 6 గంటలు తిరిగినచో మరి 72 చేరి, మొత్తము 177 అగును. ఒక్క ఫ్యాను ఖర్చు రెండు దీపముల ఖర్చును మించినది చూచితిరా? ఇందువలననే ముందు వ్రాయుమని చెప్పుట. దోమతెర కట్టుకొన్నచో ఆ 72 వాటు-గంటలకు బ్యాటరీ కొననక్కరలేదు.

దీపములు, ఫ్యాను 12 వోల్టులవే కొనవలెను. ఇంటి దీపములను వెలిగించుటకు ఇన్వర్టరు పెట్టినచో, ఏమియు వెలిగించకున్నను అది తనకై కొంత శక్తిని తినుచుండును. ఇంత చిన్న ఏర్పాటులో అది బరువు.

బ్యాటరీ ఎంత ఉండవలెను?

105 వాటు-గంటలను 12 వోల్టులచే భాగించినచో సుమారు 9 ఆంపియర్-గంటలు వచ్చును. ఇది ఒక రాత్రి ఖర్చు. ముసురు పట్టినను రెండు రాత్రులు గడవవలెను. కావున 18. విత్తనపు సగమును ముట్టరాదు. కావున 36. బజారులో దొరకు 40 ఆంపియర్-గంటల బ్యాటరీ సరిపోవును. ఫ్యాను కూడ కావలెనన్నచో ఇదే లెక్క ప్రకారము 60 ఆంపియర్-గంటలు కావలెను.

ట్యూబులర్ రకము బ్యాటరీనే అడగవలెను. ట్రాక్టరుది గాని, కారుది గాని పాత బ్యాటరీ తెచ్చి పెట్టుట మన వైపు అలవాటు. ఆ బ్యాటరీ పలకలు పలుచనివి. ఇంజను తిప్పుటకు ఒక్క క్షణము ఎక్కువ బలము ఇచ్చి, వెంటనే మరల నిండుటకు తయారు చేసినవి. రాత్రంతా నిదానముగా ఇచ్చు పనికి అవి నిలువవు. పరుగుపందెపు గిత్తను నాగటికి కట్టినట్లగును.

లిథియం ఐరన్ ఫాస్ఫేటు బ్యాటరీలు కూడ ఇప్పుడు దొరకుచున్నవి. వీటిలో నిండు శక్తిలో 80 శాతము వరకు వాడుకొనవచ్చును. కావున మొదటి లెక్కకు 24 ఆంపియర్-గంటలు చాలును. తేలికగా ఉండును, నీరు పోయవలసిన పని లేదు, ఎక్కువ కాలము మన్నును. ధర మాత్రము ఎక్కువ. లోపల రక్షణ సర్క్యూటు ఉన్నదా అని అడిగి, వారంటీ కాగితము వ్రాయించుకొని తీసికొనవలెను.

పలక ఎంత ఉండవలెను?

పలకమీద 75 వాట్లు అని వ్రాసి ఉన్నంత మాత్రమున సూర్యుడు పొడిచినది మొదలు క్రుంకువరకు 75 వాట్లు రావు. ఆ సంఖ్య చల్లని పలకమీద నిండు ఎండ నిటారుగా పడినప్పటి మాట. మన ప్రాంతములో ఏడాది సగటున రోజుకు సుమారు 5 గంటల నిండు ఎండకు సమానమైన వెలుగు అందును. వానకాలపు మబ్బులలో అది 3, 4 గంటలకు తగ్గును. దుమ్ము, వేడిమి, తీగ, బ్యాటరీ కలిసి మూడవవంతుకు పైగా తినివేయును. కావున పలక వాట్లను 4 గంటలతోను, తరువాత 0.65తోను గుణించి చూచుకొనుట క్షేమము.

105 వాటు-గంటలకు ఈ లెక్కన 40 వాట్ల పలక కావలెను. కాని అది ఏ రోజు ఖర్చు ఆ రోజుకు మాత్రమే. ముసురు రోజుల బాకీ తీర్చుటకు ఏమియు మిగులదు. కావున 75 వాట్ల పలక పెట్టవలెను. అది రోజుకు సుమారు 195 వాటు-గంటలు ఇచ్చును. 105 ఖర్చు పోగా 90 మిగులును. రెండు రోజుల మబ్బు బాకీ రెండు మూడు మంచి ఎండలలో తీరిపోవును. ఫ్యాను ఉన్న పాకకు 100 వాట్లు కావలెను.

ఇప్పుడు తక్కువ ధరకు వచ్చినదని 20 వాట్ల పలక కొన్న సంఘము సంగతి చూతము. అది రోజుకు 52 వాటు-గంటలు ఇచ్చును. ఖర్చు 105. రోజుకు 53 బాకీ, అనగా నాలుగున్నర ఆంపియర్-గంటలు. కొత్తగా నింపి తెచ్చిన 40 ఆంపియర్-గంటల బ్యాటరీలో మన వాటా 20. అయిదవ రోజునకే విత్తనపు గింజకు చేయి పడును. తొమ్మిదవ రోజునకు గాదె ఖాళీ. మొదటి వారము దీపము చక్కగా వెలుగును గనుక కొన్నవారికి అనుమానము రాదు. తరువాత నెలల తరబడి సగము ఆకలితో ఉండి, ఏడాది తిరుగకముందే బ్యాటరీ చచ్చును. అప్పుడు ఇంకను పెద్ద బ్యాటరీ కొనుట మరియొక తప్పు. పెద్ద గాదె కట్టినంత మాత్రమున పంట పెరుగదు. పెంచవలసినది పలకను, లేదా తగ్గించవలసినది ఖర్చును.

పలకను నిలుపు విధము

గార్ల భూమధ్యరేఖకు ఉత్తరముగా సుమారు పదిహేడున్నర డిగ్రీల దూరమున ఉన్నది. కావున పలక ముఖము దక్షిణమునకు ఉండవలెను, అంతే వాలు ఉండవలెను. కొలత పరికరములు అక్కరలేదు. పలక పొడవు 36 అంగుళములైనచో, ఉత్తరపు అంచు దక్షిణపు అంచుకన్న 10, 11 అంగుళములు ఎత్తుగా ఉన్నచో చాలును. ఈ వాలుకు వాన పడినప్పుడు దుమ్ము కూడ కడుగుకొని పోవును.

మే రెండవ వారము నుండి ఆగస్టు మొదటి వారము వరకు మధ్యాహ్నపు సూర్యుడు మన తలకు కొంచెము ఉత్తరముగా నుండును. దానికై పలకను తిప్పవలసిన పని లేదు. చేప పెరిగి కాపలా ముఖ్యమగు కాలము చలికాలమే. డిసెంబరులో రాత్రి 13 గంటలు, పగలు 11 గంటలు. అప్పుడు సూర్యుడు దక్షిణమున వాలి ఉండును. కావున దక్షిణపు ముఖమే మనకు అనుకూలము.

నీడ విషయములో మిక్కిలి జాగ్రత్త అవసరము. పలకలో 36 గదులు వరుసగా ఒక దానికొకటి కలిపి ఉండును. ఒకే కాలువలో నీరు పారునట్లు విద్యుత్తు వాటి గుండా పారును. కాలువకు ఒకచోట అడ్డకట్ట వేసినచో కింది పొలములన్నియు ఎండును గదా. అట్లే ఒక తాటిమట్ట నీడ ఒక మూల పడినను పలక ఇచ్చు శక్తి చాల వరకు పడిపోవును. ఉదయము 9 గంటలకు, మధ్యాహ్నము 12కు, 3కు నీడ చూచి చోటు నిర్ణయించవలెను. చలికాలములో నీడలు పొడవుగా సాగునని మరువరాదు. పాక చింతచెట్టు కింద ఉన్నచో, పలకను కొంత దూరమున గుంజమీద నిలుపవలెను. వేసవి గాలిదుమారమునకు ఎగిరిపోకుండ ఇనుప చట్రమునకు బోల్టులతో బిగించవలెను. పలక వెనుక గాలి ఆడుటకు నాలుగు అంగుళములైన సందు ఉండవలెను. ఏలయనగా పలక వేడెక్కిన కొలది తక్కువ శక్తి నిచ్చును.

పదిహేను రోజులకు ఒకసారి, చల్లని పూట, మెత్తని తడిగుడ్డతో తుడువవలెను. మధ్యాహ్నము కాలుచున్న అద్దముమీద చల్లని నీరు పోయరాదు. కొంగలు, కాకులు వేసిన రెట్టను వెంటనే తీసివేయవలెను. అది కూడ నీడవంటిదే.

తీగ, కంట్రోలరు, ఫ్యూజు

పలకను నేరుగా బ్యాటరీకి కలుపరాదు. నడుమ చార్జి కంట్రోలరు ఉండవలెను. అది తూము వంటిది. నిండిన తరువాత ఎక్కువ పోకుండ ఆపును. రాత్రి బ్యాటరీ నుండి పలకకు వెనుకకు పోకుండ చూచును. మన లెక్కకు 10 ఆంపియర్లది చాలును. మీ బ్యాటరీ సీసపుదో, లిథియందో కంట్రోలరులో సరిగా ఎంచి పెట్టవలెను.

ఇక్కడ ఒక మెలకువ కలదు. బ్యాటరీ తగ్గినప్పుడు దీపములను ఆర్పివేయు పని కూడ కంట్రోలరు చేయును. కాని చాల కంట్రోలరులు 11 వోల్టుల దగ్గర ఆర్పునట్లు తయారగును. అప్పటికి సీసపు బ్యాటరీ దాదాపు ఖాళీ. విత్తనపు గింజ కూడ అయిపోయిన తరువాత గాదెకు తాళము వేసినట్లు. మార్చుటకు వీలున్న కంట్రోలరును కొని, 11.8 లేక 12 వోల్టులకు మార్పించుకొనవలెను. వీలు లేనిచో మన కన్నే కాపలా.

సన్నని తీగ మరియొక దొంగ. పలక బ్యాటరీకి 10 మీటర్ల దూరమున ఉండి, 1 చదరపు మిల్లీమీటరు రాగి తీగ వేసినచో, నిండు ఎండలో ఒకటిన్నర వోల్టు తీగలోనే పోవును. వేసవిలో వేడెక్కిన పలక ఇచ్చునది పదిహేనున్నర వోల్టులు మాత్రమే. తీగ తినగా 14 మిగులును. సీసపు బ్యాటరీ పూర్తిగా నిండుటకు సుమారు 14.4 కావలెను. పలక మంచిది, బ్యాటరీ మంచిది, ఎండ మంచిది, అయినను బ్యాటరీ ఎన్నడు నిండదు. 4 చదరపు మిల్లీమీటర్ల తీగ వేసినచో నష్టము అర వోల్టు లోపల ఉండును. తీగకు ఎక్కువ పెట్టిన డబ్బు బ్యాటరీ ఆయువులో తిరిగి వచ్చును.

ఇండ్లపై బిగించు 300 వాట్లకు మించిన పెద్ద పలకలు 30 వోల్టులకు పైబడినవి. అవి చౌకగా దొరకినను, సాధారణ కంట్రోలరుతో 12 వోల్టుల బ్యాటరీకి కలిపినచో సగము శక్తి వృథా అగును. పైగా చిన్న కంట్రోలరు ఆ వోల్టును తట్టుకొనలేక చెడవచ్చును. 36 గదుల పలకనే అడుగవలెను.

బ్యాటరీ ధన కొసకు జానెడు దూరములోనే 10 ఆంపియర్ల ఫ్యూజు పెట్టవలెను. తీగలు రెండు తాకినచో ఫ్యూజు కాలును, పాక కాలదు. కలుపునప్పుడు ముందు బ్యాటరీని కంట్రోలరుకు, తరువాత పలకను, చివర దీపములను కలుపవలెను. విప్పునప్పుడు దీనికి తలక్రిందుగా, బ్యాటరీని చివర విప్పవలెను. ధన ఋణములు తారుమారు కాకుండ ఎర్ర, నల్ల తీగలు వాడవలెను.

చలిదేశపు పాక, మన పాక

కెనడా, ఫిన్లాండు, ఉత్తర అమెరికాలోని మిన్నెసోటా వంటి చలిచోట్ల చెరువులు చలికాలములో గడ్డకట్టును. అక్కడివారు ఆ మంచుపైననే చిన్న పాకలు నిలిపి, మంచుకు తూటు వేసి, గాలము వేసి చేపలు పట్టుదురు. వారును పాక దీపమునకు సోలార్ పలక, బ్యాటరీ వాడుదురు. వారి శత్రువు చలి. సున్నకు 20 డిగ్రీలు దిగువన సీసపు బ్యాటరీ సుమారు సగము శక్తినే ఇచ్చును. ఖాళీగా వదలినచో లోపలి ద్రవము గడ్డకట్టి పెట్టె పగులును. లిథియం బ్యాటరీని సున్న డిగ్రీల లోపు చార్జి చేయరాదు. కావున వారు బ్యాటరీని చలి తగులకుండ కప్పి ఉంచి, క్రిందుగా పోవు సూర్యునికై పలకను దాదాపు నిటారుగా నిలుపుదురు.

మన శత్రువు వేడి. మే నెలలో మన వైపు 44, 45 డిగ్రీల వరకు ఎండ కాయును. వేడిలో బ్యాటరీ శక్తి తగ్గదు, ఆయువు తగ్గును. 25 డిగ్రీలకు పైన ప్రతి 10 డిగ్రీలకు సీసపు బ్యాటరీ ఆయువు సుమారు సగమగునని లెక్క. కావున వారు కప్పి కాపాడిన బ్యాటరీని మనము నీడలో, గాలిలో కాపాడవలెను. పాకలో ఉత్తరపు వైపు, ఎండ తగులని మూల, తూట్లు గల చెక్కపెట్టెలో, వరదనీరు అందని ఎత్తున చెక్కపలకమీద ఉంచవలెను. రేకు కప్పు కింద, రేకుకు దగ్గరగా ఎన్నడును ఉంచరాదు. లెక్క మాత్రము రెండు చోట్ల ఒక్కటే. తీసినంత నింపవలెను, సగము మించి తీయరాదు.

తెల్లవారుజాము పరీక్ష

ఒక చిన్న మల్టీమీటరు, ఒక నోటుబుక్కు పాకలో ఉంచండి. ప్రతి ఉదయము సూర్యుడు రాకముందు, దీపములన్ని ఆర్పి అరగంట ఆగి, బ్యాటరీ కొసల వద్ద వోల్టులు కొలిచి, తేదీతో వ్రాయండి. సీసపు బ్యాటరీకి ఈ సంఖ్యలు గుర్తు:

12.7: నిండు గాదె.
12.4: మూడు పాళ్ళు ఉన్నది. తెల్లవారుజామున ఈ సంఖ్య ఉన్నచో అంతా సవ్యము.
12.2: సగము. ఈ రాత్రి ఖర్చు తగ్గించవలెను.
12.0: పావు మాత్రమే. దీపము ఆపి, నిండువరకు ఫోను చార్జి తప్ప వేరు వాడరాదు.

మూడు ఉదయములు వరుసగా 12.2కు తక్కువగా ఉన్నచో కారణము వెదకవలెను. పలకమీద దుమ్మో, కొత్త కొమ్మ నీడయో, తుప్పుపట్టిన కొసయో, వంతుకు వచ్చిన వారి ఫోనులు నాలుగైనవో చూడవలెను. ముసురు తెగనిచో, చివరి ఉపాయముగా బ్యాటరీని ఊరిలోనికి తెచ్చి చార్జరుతో నింపించవలెను. కాపలా వంతు మారునప్పుడు వల, కర్ర అప్పగించినట్లే ఈ నోటుబుక్కును కూడ అప్పగించవలెను. సంఘములో పదిమంది వాడు వస్తువు ఎవరిదీ కాని వస్తువు కాకుండ కాపాడునది ఈ పుస్తకమే. లిథియం బ్యాటరీకి ఈ వోల్టు సంఖ్యలు వర్తించవు. దానిమీదనో, కంట్రోలరుమీదనో చూపు శాతమును వ్రాసికొనవలెను.

నీరు, ఆమ్లము, పాత బ్యాటరీ

నీరు పోయు రకమైనచో నెలకు ఒకసారి మట్టము చూచి, డిస్టిల్డు నీరు మాత్రమే గుర్తు వరకు పోయవలెను. చెరువు నీరు, బోరు నీరు పోసినచో అందలి లవణములు పలకలను చెరుచును. తగ్గినది నీరే గనుక ఆమ్లము పోయరాదు. చార్జి అగునప్పుడు మండు వాయువు వెలువడును. కావున బ్యాటరీ వద్ద బీడీ, దీపము, పొయ్యి ఉండరాదు. మూతలు తీయునప్పుడు చేతికి తొడుగు, కంటికి అద్దము పెట్టుకొనవలెను. ఆమ్లము మీద పడినచో వెంటనే ఎక్కువ నీటితో కడుగవలెను. కంటిలో పడినచో చాలసేపు నీటితో కడిగి డాక్టరు వద్దకు పోవలెను. చేపపట్టు అయిపోయి పాక ఖాళీ చేసినప్పుడు బ్యాటరీని నిండుగా చార్జి చేసి, ఇంట్లో నీడన ఉంచి, నెలకు ఒకసారి మరల నింపవలెను.

చచ్చిన బ్యాటరీని పగులగొట్టి సీసము తీయుట, ఆమ్లమును కట్టమీద పారబోయుట మహాపరాధము. సీసము పిల్లల మెదడుకు విషము. ఆమ్లము చెరువులో కలిసినచో ఏ చేపకై కాపలా కాచితిమో ఆ చేపకే చేటు. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థముల నియమముల ప్రకారము పాత బ్యాటరీలు సక్రమమైన పునర్వినియోగమునకు పోవలెను. కొత్తది కొనునప్పుడు పాతదానిని దుకాణమువారికి అప్పగించండి. దానికి కొంత ధర కూడ తగ్గింతురు.

దీనితో చేయరాని పని

ఇదే పలకతో, ఇదే బ్యాటరీతో నీటికి గాలి కొట్టు యంత్రము కూడ నడచునని ఎవరైన చెప్పినచో నమ్మరాదు. 1 హార్స్‌పవరు అనగా సుమారు 746 వాట్లు. 6 గంటలకు 4,476 వాటు-గంటలు, అనగా 373 ఆంపియర్-గంటలు. విత్తనపు సగము కలిపినచో 746. మన 40 ఆంపియర్-గంటల బ్యాటరీలు 19 కావలెను. అది ఒక్క రాత్రికే. ఆ పనికి వేరు ఏర్పాటు, వేరు లెక్క కావలెను. పాక దీపము పాక దీపమే.

సోదరులారా, సూర్యుడు వెల అడుగడు. కాని ఆయన ఇచ్చినది దాచుకొను పాత్ర మనది. ఈ వానకాలములో పిల్ల వదలుటకు ముందే, సంఘము సమావేశములో ఒక కాగితముమీద పాక ఖర్చు వ్రాసి, బ్యాటరీ, పలక లెక్క కట్టి, ఎవరి వంతున ఎవరు కొలిచి వ్రాయవలెనో నిర్ణయించండి. సందేహమున్నచో మీ రైతు వేదికలోని వ్యవసాయ విస్తరణ అధికారిని గాని, జిల్లా మత్స్యశాఖ కార్యాలయమును గాని సంప్రదించండి. లెక్కతో కొని, ఉదయము ఉదయము కొలిచి వాడినచో, చేపపట్టు నాటి తెల్లవారుజాము వరకు మీ పాకలో దీపము ఆరదు.